ఇంజన్ ఆయిల్ చిక్కదనం: ఎవరి మాట వినాలి?

ఖమ్మం నుంచి కుంట దాకా ఏ షెడ్డు ముందు కారు ఆపినా ఒక సలహా ఉచితంగా దొరుకుతుంది. "మనకాడ ఎండలు మీకు తెల్వనియా సార్? పల్చటి ఆయిల్ పోస్తే నీళ్లయిపోద్ది. ట్వంటీ ఫిఫ్టీ పోద్దాం, ఇంజన్‌కి బలం." చెప్పేవాడు మోసగాడు కాడు. వందల ఇంజన్లు విప్పి బిగించిన చేతులవి. అందుకే ఆ మాట కాదనాలంటే మనకు నోరు రాదు. తలూపి, డబ్బులిచ్చి, బయటపడతాం.

ఆ సలహా పుట్టిన కాలానికి అది సరైందే. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు దారుల్లో ట్రెక్కర్లూ కమాండర్ జీపులూ టాపు మీద కూడా మనుషుల్ని ఎక్కించుకుని తిరిగిన రోజులు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఖమ్మం టాక్సీ స్టాండులో అంబాసిడర్లే ఉండేవి. ఆ ఇంజన్ల భాగాల మధ్య సందులు ఎక్కువ. అవి అరిగేకొద్దీ ఇంకా వదులయ్యేవి. పల్చటి ఆయిల్ పోస్తే బేరింగుల పక్కల నుంచి జారిపోయేది, ప్రెషర్ పడిపోయేది, సైలెన్సర్ నీలం పొగ కక్కేది. చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్ నిమ్మళించేది. మెకానిక్ తన కళ్లతో చూసిన సత్యమది. తర్వాత బండ్లు మారాయి, సలహా మాత్రం అలాగే ఉండిపోయింది. కాబట్టి ఎవరు ఏ గ్రేడు చెప్పినా మనం మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఏ ఇంజన్‌ని చూసి చెబుతున్న మాట?

డబ్బా మీది అంకెల సంగతి చూద్దాం. ఆయిళ్లను చిక్కదనాన్ని బట్టి వర్గాలు చేసే పద్ధతిని అమెరికాలోని ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంఘం 1911లో మొదలుపెట్టింది. ఎన్నో సవరణలతో ఈనాటికీ అదే నడుస్తోంది. 5డబ్ల్యూ-30 అని ఉంటే అందులో రెండు పరీక్షల ఫలితాలున్నట్టు. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. ముందున్న 5, గడ్డకట్టే చలిలో ఇంజన్‌ని తిరగనిచ్చేంత పల్చగా ఆయిల్ ఉందా అని చూసే పరీక్షకు సంబంధించింది. 5డబ్ల్యూకి ఆ పరీక్షను మైనస్ 30 డిగ్రీల దగ్గర చేస్తారు, 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర. మారేడుమిల్లి అడవిలో జనవరి తెల్లవారుజామున కూడా మనకు ఆ చలి రాదు. వెనక ఉన్న 30 మాత్రం మన పనికొచ్చేది. 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉందో అది చెబుతుంది. చిక్కదనాన్ని సెంటిస్టోకుల్లో కొలుస్తారు. అక్కడ 9.3 నుంచి 12.5 సెంటిస్టోకుల లోపు ఉంటే 30 గ్రేడు, అది దాటి 16.3 లోపు ఉంటే 40, ఆ పైన 21.9 లోపు ఉంటే 50. 20 గ్రేడు 6.9 దగ్గర మొదలవుతుంది.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. మన ఆముదం నూనెను 100 డిగ్రీలకు కాచి కొలిస్తే సుమారు 19, 20 సెంటిస్టోకులు వస్తుంది. అంటే నేటి లెక్కలో అది 50 గ్రేడు. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టచేలల్లో విస్తారంగా పండిన ఆ పంట నూనె మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లకు కందెనగా పనికొచ్చేది. కాస్ట్రాల్ కంపెనీ పేరులో ఉన్నది కూడా ఇంగ్లిష్‌లో ఆముదానికున్న పేరే. చిక్కటి నూనెల యుగం ఒకటి నిజంగా ఉండేదని చెప్పడానికే ఇదంతా.

ఇప్పుడు ఎండ మాటకొద్దాం. మే నెలలో కొత్తగూడెంలో 45 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. బొగ్గు గనుల నేల, పక్కన పాల్వంచ కరెంటు ప్లాంటు, రోడ్డు మీద తారు మెత్తబడే వేడి. ఆ ఎండలో మధ్యాహ్నమంతా నిలబెట్టిన కారులో ఆయిల్ ఎంత పల్చబడి ఉంటుంది? మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 60, 70 సెంటిస్టోకుల చిక్కదనంతో ఉంటుంది. అదే ఆయిల్ ఇంజన్ పూర్తిగా వేడెక్కాక 10, 11కి దిగుతుంది. ఇంజనీరు ఆ ఇంజన్‌ని తయారుచేసింది ఈ 10, 11 కోసం. అంటే మన నడినెత్తి ఎండలో కూడా, తాళం తిప్పే క్షణానికి ఆయిల్ కావలసినదానికంటే అయిదారు రెట్లు చిక్కగా ఉంది. అందరూ భయపడే 0డబ్ల్యూ-20 ఆయిల్ సైతం ఆ ఎండలో 40 సెంటిస్టోకుల దరిదాపుల్లో ఉంటుంది. నీళ్ల చిక్కదనం ఒకటి కంటే తక్కువ. "నీళ్లయిపోద్ది" అన్న మాట ఇక్కడితో వీగిపోతుంది.

ఆ తర్వాత ఇంజన్ వేడి ఇంజన్ చేతిలోనే ఉంటుంది. కూలెంట్ 80, 90 డిగ్రీల మధ్యకు చేరాక థర్మోస్టాట్ తెరుచుకుని రేడియేటర్‌కి దారిస్తుంది. సిమ్లాలో తిరిగే కారైనా సత్తుపల్లిలో తిరిగే కారైనా వేడెక్కాక కూలెంట్ ఇంచుమించు ఒకేచోట నిలుస్తుంది. అందుకే వాతావరణాన్ని మాత్రమే చూసి ఆయిల్ గ్రేడు తేల్చడం సగం లెక్క.

మరి చిక్కగా పోస్తే పోయేదేముంది, ఇంకాస్త బలమేగా అనే వాదన మిగిలింది. క్రాంక్ షాఫ్ట్‌కీ దాని బేరింగుకీ మధ్య సందు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతో ముప్పయ్యో వంతో ఉంటుంది. ఆ సందులో ఆయిల్ నిలబడాలి, నిలబడి ఊరుకోకుండా పారుతూ వేడిని మోసుకుపోవాలి. షెడ్డువాళ్ల ట్వంటీ ఫిఫ్టీ, అంటే 20డబ్ల్యూ-50 పోస్తే ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, నిజమే. కానీ ప్రెషర్ హద్దు దాటితే పంపులోని రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ని వెనక్కి, చాంబర్‌లోకే వదిలేస్తుంది. ప్రెషర్ ఘనంగా కనిపిస్తుంది గానీ కదలికలున్న చోటికి వెళ్లే ఆయిల్ తగ్గుతుంది. డిసెంబర్ పొద్దున భద్రాచలంలో కారు స్టార్ట్ చేస్తే 20డబ్ల్యూ-50, 5డబ్ల్యూ-30 కంటే దాదాపు మూడు రెట్లు చిక్కగా ఉంటుంది. పైన కామ్ షాఫ్ట్ దాకా ఎక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ కాసేపూ టాపెట్ల చప్పుడు వినబడేది అందుకే. వాల్వులు తెరిచే సమయాన్ని ఆయిల్ ప్రెషర్‌తోనే ముందుకూ వెనక్కూ జరిపే వ్యవస్థ నేటి చాలా పెట్రోల్ ఇంజన్లలో ఉంది. దాని సన్నటి దారులకు చిక్కటి ఆయిల్ సరిపడదు. మైలేజీ పడిపోవడం సరే, కొన్ని కార్లలో చెక్ ఇంజన్ లైటు కూడా వెలుగుతుంది.

అలాగని వేడికి ఏ పాత్రా లేదనడం కూడా సరికాదు. థర్మోస్టాట్ అదుపు చేసేది కూలెంట్‌ని. ఆయిల్ వేడి దానికి కాస్త అటూ ఇటూ తనదారిన తాను పోతుంది. ఏడుగురిని ఎక్కించి, ఏసీ వేసి, చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతున్నారనుకోండి. సెకండ్ గేరు, ఎక్కువ ఆర్పీఎం, తక్కువ వేగం, ముందు నుంచి గాలి తక్కువ. మామూలుగా 90, 100 దగ్గర ఉండే ఆయిల్ అప్పుడు 120 దాటవచ్చు. శ్రీరామనవమి నాడు సారపాక దగ్గర బండ్ల వరుసలో ఏసీ ఆపకుండా గంటలకొద్దీ నిలబడినా ఇంజన్‌కి ఊపిరాడదు. చర్ల, వెంకటాపురం వైపు నుంచి మిర్చి టిక్కీలు వేసుకుని ఖమ్మం మార్కెట్ యార్డుకొచ్చే పికప్పులది ఇంకో రకం శ్రమ. ఇలాంటి చోట్ల చూడాల్సిన కొలత 150 డిగ్రీల దగ్గర, నలిపే ఒత్తిడిలో ఆయిల్ ఎంత నిలుస్తుందన్నది. 20 గ్రేడుకి అది 2.6 ఉంటే చాలు, 30కి 2.9 ఉండాలి, 40 గ్రేడులో రకాన్ని బట్టి 3.5 లేదా 3.7. తేడా చిన్నదిగా కనబడుతుంది కానీ నిండు బరువుతో ఘాట్ ఎక్కే ఇంజన్ బేరింగుకి ఆ తేడా తెలుస్తుంది.

కాబట్టి నిర్ణయం రెండు మెట్లలో జరగాలి. మొదటి మెట్టు కారు మాన్యువల్. డాష్‌బోర్డు అరలో, ఇన్సూరెన్స్ కాగితాల కింద, కవరు కూడా విప్పకుండా ఉంటుంది. అందులో ఆయిల్ పేజీ తెరిస్తే ఒక గ్రేడో, రెండు మూడు గ్రేడులో, పక్కన ఉష్ణోగ్రతల పట్టికో కనబడుతుంది. ఆ పేజీలో లేని గ్రేడు మీ కారుకు లేనట్టే. రెండో మెట్టు మీ వాడకం. పేజీలో ఒకటికంటే ఎక్కువ గ్రేడులు ఉన్నప్పుడే ఈ మెట్టు ఎక్కాలి. ఉదాహరణకు ఒక కొత్త పెట్రోల్ కారుకు 0డబ్ల్యూ-20 మేలు, 5డబ్ల్యూ-30 కూడా వాడవచ్చు అని రాసి ఉందనుకుందాం. ఖమ్మం టౌన్‌లో ఆఫీసుకీ బడికీ తిరిగే బండికి మొదటిది పోయించండి. వేసవి సెలవుల్లో సామానుతో, మనుషులతో ఏజెన్సీ ఘాట్లు తిరిగే అలవాటుంటే రెండోది. ఇది నా పక్షపాతం కూడా. కంపెనీలు మరీ పల్చటి ఆయిల్ వైపు మొగ్గడానికి ఇంజన్ రక్షణ ఒక్కటే కారణం కాదు. కార్ల కంపెనీల సగటు ఇంధన వాడకం మీద మన ప్రభుత్వం 2017లో హద్దులు పెట్టి, 2022లో బిగించింది. ఆయిల్ పల్చబడితే మైలేజీ ఒకటి రెండు శాతం పెరుగుతుంది. ఆ ఒకటి రెండు శాతం కంపెనీకి ముఖ్యం. అయినా సరే, మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 ఒక్కటే ఉంటే అదే పోయండి. ఆ ఇంజన్ సందులూ పంపూ దానికోసమే చేసినవి, వారంటీ కూడా దానికే కట్టుబడి ఉంటుంది.

గ్రేడు ఒక్కటే సరిపోదు, పక్కనున్న అక్షరాలు కూడా చూడాలి. పెట్రోల్ కార్లకు ఏపీఐ ఎస్‌పీ అనే ప్రమాణం 2020లో వచ్చింది. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలో తక్కువ వేగంలో కాలం కాని కాలంలో ఇంధనం అంటుకుని పిస్టన్ పగిలే జబ్బునూ, టైమింగ్ చెయిన్ అరుగుదలనూ దృష్టిలో పెట్టుకుని చేసింది. టర్బో పెట్రోల్ కారున్నవారు దీన్ని వదలకూడదు.

బీఎస్-6 డీజిల్ బండ్ల గురించి కాస్త నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే మన ప్రాంతంలో దెబ్బతినేవి అవే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన ఈ డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆయిల్ కాలితే మిగిలే బూడిద ఆ ఫిల్టర్‌లో పేరుకుంటుంది, మసిలాగా కాలిపోదు. అందుకే వీటికి తక్కువ బూడిదనిచ్చే ప్రత్యేక ఆయిల్ కావాలి. డబ్బా మీద ఏసీఈఏ సీ2 అనో సీ3 అనో ఉంటుంది, ఏది కావాలో మాన్యువల్ చెబుతుంది. 5డబ్ల్యూ-30 అన్న అంకె కలిసింది కదా అని వేరే ఆయిల్ పోస్తే, గ్రేడు సరిపోయినా ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది.

రెండో చిక్కు మన దారుల వల్ల వస్తుంది. పట్టిన మసిని కాల్చుకోవడానికి ఆ ఫిల్టర్ అప్పుడప్పుడూ బాగా వేడెక్కాలి. ఆ వేడి కోసం ఇంజన్ కొంత డీజిల్‌ని అదనంగా చల్లుతుంది. కొత్తగూడెం, భద్రాచలం మధ్య హైవే మీద నిలకడగా పావుగంట, ఇరవై నిమిషాలు పరిగెత్తితే పని పూర్తవుతుంది. గూడేల మధ్య గతుకుల దారిలో అయిదు కిలోమీటర్లు పోయి ఆపి, మళ్లీ పోయి ఆపితే, ఆ కాల్పు మధ్యలోనే ఆగిపోతుంది. కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకుండా పెరుగుతుంది. చాలామంది దాన్ని చూసి సంతోషిస్తారు, ఇంజన్ ఆయిల్ తినడం లేదని. నిజానికి మీరు పోసిన 30 గ్రేడు లోపల 20 అయి ఉండవచ్చు. మట్టం పైగీత దాటిందంటే కిలోమీటర్ల లెక్క చూడకుండా ఆయిల్ మార్చండి. వారానికొకసారైనా బండిని హైవే ఎక్కించి నిలకడగా నడపండి. అలా కుదరని చోట బతికేవారు డీజిల్ కారు కొనే ముందే రెండుసార్లు ఆలోచించాలి.

పాత బండ్లది వేరే న్యాయం. లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన డీజిల్ బొలెరో ఉంది, వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తింటోంది, యాక్సిలరేటర్ తొక్కితే నీలం పొగ. దానికి మొదటి నుంచీ 15డబ్ల్యూ-40 పోస్తుంటే, మాన్యువల్ అనుమతించే పరిధిలో ఒక మెట్టు చిక్కటిదానికి వెళ్లడం తప్పేం కాదు. షెడ్డులో చెప్పే సలహా ఇలాంటి బండికి సరిగ్గా సరిపోతుంది. కాకపోతే అది వైద్యం కాదు, వాయిదా. రింగులూ బోరూ అరిగిన సంగతి ఆయిల్‌తో చెరిగిపోదు. ఆ పాత ఇంజన్‌కి బాగా పనిచేసిందని పక్కనున్న కొత్త కారులో కూడా అదే డబ్బా ఒంపడమే తప్పు.

ఆయిల్ మార్చే గడువు విషయంలో మన ప్రాంతం వారు కాస్త ముందే ఉండాలి. మణుగూరు బొగ్గు టిప్పర్ల వెనక, గోదావరి ఇసుక లారీల వెనక తిరిగే బండి మింగే దుమ్ము మామూలుది కాదు. మాన్యువల్‌లో కఠిన వాడకం అనే పట్టిక ఉంటుంది, మనకు వర్తించేది అదే. ఎయిర్ ఫిల్టర్‌ని తరచుగా చూడాలి. దుమ్ము ఆయిల్‌లో కలిశాక ఏ గ్రేడు పోశామన్నది పెద్దగా తేడా చెయ్యదు. తక్కువ తిరిగే బండికైనా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలి. టర్బో బండి ఘాట్ ఎక్కి ఆగగానే తాళం తీసేయకుండా ఒక నిమిషం ఊరికే తిరగనివ్వండి. లేకపోతే టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది.

దూరం పోయేవారు ఒక లీటరు డబ్బా, తమ గ్రేడుదే, డిక్కీలో పెట్టుకోవడం మంచిది. చింతూరు దాటాక అడవిలో ఏ గ్రేడు దొరుకుతుందో దొరికేదాకా తెలియదు. డిప్‌స్టిక్ కింది గీతకంటే తక్కువ చూపిస్తే, చేతికందింది 15డబ్ల్యూ-40 మాత్రమే అయినా పోసి బయలుదేరండి. తగినంత లేని సరైన ఆయిల్ కంటే తగినంత ఉన్న వేరే గ్రేడు నయం. ప్రమాణాలకు నిలిచిన ఇంజన్ ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలిసేలాగే తయారవుతాయి. ఊరు చేరాక మొత్తం మార్పించండి. బైకుల ఆయిల్ మాత్రం చివరి ప్రయత్నంగానే. బైకు క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కాబట్టి ఆ ఆయిల్ కూర్పే వేరు. తిరగేసి కారు ఆయిల్ బైకులో పోస్తే క్లచ్ జారుతుంది.

రెడ్ ఆయిల్ లైటు వెలిగితే మాత్రం పక్కన ఆపడమే, అది వచ్చే ఊరి దాకా ఆగే లైటు కాదు. డిప్‌స్టిక్ ఎప్పుడు చూసినా బండిని సమతలం మీద ఆపి, ఇంజన్ ఆపిన అయిదు పది నిమిషాలకు చూడాలి. పైగీత దాటించి పోయడం కూడా నష్టమే, క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది. లూజు ఆయిల్ కొనకండి. సీలున్న డబ్బా మీ ముందు తెరిపించండి, ఖాళీ అయ్యాక దానికి చిల్లు పెట్టించండి, మళ్లీ ఎవరూ నింపి అమ్మకుండా. తీసిన పాత ఆయిల్‌ని కాలువలో పారబోయనివ్వకుండా, సేకరించి రీసైక్లింగ్‌కి పంపే షెడ్డునే ఎంచుకోండి.

చివరిగా వరద. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మంలోని ప్రకాశ్ నగర్, బొక్కలగడ్డ లాంటి కాలనీల్ని ముంచింది. నీళ్లు తగ్గాక మనం చేసే మొదటి పని బండి స్టార్ట్ అవుతుందా అని తాళం తిప్పి చూడటం. దయచేసి ఆ పని చేయకండి. ముందు బ్యాటరీ తీగ విప్పండి, తర్వాత డిప్‌స్టిక్ బయటకు లాగండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా, మట్టం పెరిగి ఉన్నా లోపలికి నీళ్లు వెళ్లినట్టే. నీళ్లు కలిసిన ఆయిల్ ఏ గ్రేడుదైనా బేరింగుని కాపాడలేదు, సిలిండర్‌లో నీళ్లుంటే తాళం తిప్పగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆయిల్ మామూలుగా కనిపించినా సరే, నీళ్లు ఇంజన్ దాకా వచ్చిన బండిని టోయింగ్ చేయించి షెడ్డుకు చేర్చండి. ఎయిర్ ఫిల్టర్, సిలిండర్లు చూసి, ఆయిలూ ఫిల్టరూ మార్చిన తర్వాతే స్టార్ట్ చేయమనండి. ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేయడం కూడా దానికంటే ముందే జరగాలి.